గురువుకు గురువెవరు? - మనోవిశ్లేషణ శిక్షణాలయాలూ, సంఘ ప్రవేశమూ

ఎం.ఏ. మొదటి సంవత్సరం క్లాసులో ఒకనాడు మనోవిశ్లేషణ పాఠం నడుస్తోంది. మనోవిశ్లేషకుడు కాదలచినవాడు ముందు తాను వేరొక విశ్లేషకుని వద్ద విశ్లేషణ చేయించుకొని తీరాలి, శిక్షణలో అదే మొదటి మెట్టు అని చెప్పి నల్లబల్ల తుడుచుకుంటున్నాను. వెనక బెంచీలోంచి ఒక అమ్మాయి లేచి, "మరి ఫ్రాయిడ్‌ని ఎవరు విశ్లేషించారండీ?" అని అడిగింది. క్లాసంతా గొల్లుమంది. నేనూ నవ్వేశాను. "ఎవరూ లేరమ్మా, తన్ను తానే చేసుకున్నాడు" అన్నాను. "అయితే ఆయనకి ఇవాళ ఏ ఇన్‌స్టిట్యూట్‌లోనూ ఉద్యోగం రాదన్నమాట" అనేసి కూర్చుంది.

నవ్వులాటకు అన్నా ఆ మాట నన్ను వదల్లేదు. ఎందుకంటే అది నిజం. మన కాలేజీకి యూనివర్సిటీ అండ ఉంది. యూనివర్సిటీకి శాసనసభ చేసిన చట్టం అండ, ఆపైన యు.జి.సి. ఉన్నాయి. మనోవిశ్లేషణ నేర్పే శిక్షణాలయాలకు చాలా దేశాల్లో ఇట్లాంటి తలకట్టు ఏదీ లేదు. అవి విశ్వవిద్యాలయం గోడలకు వెలుపల, పదిమంది వృత్తివారు కూడి, పగలు రోగుల్ని చూసుకొని సాయంత్రం పూట పాఠాలు చెప్పుకుంటూ పెంచుకున్న సంస్థలు. ఏళ్ళ తరబడి నేర్పుతారు, చివర ఒక పట్టా చేతిలో పెడతారు. ఆ పట్టా ఇచ్చినవాణ్ణి ఎరిగినవాడికి దాని విలువ తెలుసు. ఎరగనివాడికి అది వట్టి కాగితం. అందుచేత ఆ శిక్షణాలయాలు ఒక సంఘంగా ఏర్పడటమో, ఉన్న సంఘంలో చేరడమో తప్పనిసరి అయింది. అట్లా చేరబోయేవాళ్ళను ఏమడుగుతారు, చేరాక ఏమి దక్కుతుంది, ఏమి చేజారుతుంది అన్నదే ఈ వ్యాసంలో నేను చెప్పదలచినది. మనకెందుకీ గొడవ అనుకోకండి. సైకాలజీ చదివే ప్రతి విద్యార్థికీ రేపో మాపో "నీకీ పని నేర్పిందెవరు?" అన్న ప్రశ్న ఎదురవుతుంది.

అసలు సంఘమే ఎందుకు పుట్టిందో చూస్తే విషయం తేటపడుతుంది. 1902లో వియన్నాలో ఫ్రాయిడ్ ఇంట్లో బుధవారం బుధవారం కొద్దిమంది కూడేవారు. అప్పట్లో అర్హతలూ లేవు, పరీక్షలూ లేవు. 1910 మార్చిలో నూరెంబర్గ్‌లో సమావేశమై అంతర్జాతీయ మనోవిశ్లేషణ సంఘాన్ని స్థాపించారు. అదే ఏడు ఫ్రాయిడ్ ఒక చిన్న వ్యాసంలో తన దగ్గరకు వచ్చిన ఒకావిడ సంగతి రాశాడు. భర్తనుంచి విడిపోయిన నడివయసు స్త్రీ. ఆందోళనతో బాధపడుతూ ఒక కుర్ర డాక్టరు దగ్గరకు వెళితే, ఫ్రాయిడ్ సిద్ధాంతం ప్రకారం నీకు కామ తృప్తి లేకపోవడమే జబ్బు, మళ్ళీ భర్త దగ్గరకు పో, లేదా ప్రియుణ్ణి చూసుకో, అదీ కాకపోతే స్వయంతృప్తి పొందు అని మూడు దారులు చెప్పాడట. ఆవిడ జబ్బు నయమవలేదు సరిగదా, ఇంకా ముదిరింది. పుస్తకంలో నాలుగు ముక్కలు చదివి చికిత్సకు దిగేవాళ్ళ పాపం మా నెత్తిన పడకుండా, మావాళ్ళు ఫలానా ఫలానా అని పేర్లు ప్రకటించుకోవడానికే సంఘం పెట్టుకున్నామని ఆ వ్యాసంలో ఫ్రాయిడ్ చెప్పాడు. చూడండి, సంఘం పుట్టింది గౌరవం కోసం కాదు. రోగిని అరకొర వైద్యుడి బారినుంచి కాపాడటానికీ, దానితోపాటు తమ పేరు కాపాడుకోవడానికీ. ఈ రెంటిలో ఏది ముందు, ఏది వెనుక అన్నదే తరవాత వచ్చిన తగాదాలన్నిటికీ మూలం.

శిక్షణకు చట్రం ఏర్పడటానికి మరో పదేళ్ళు పట్టింది. విశ్లేషకుడు తాను విశ్లేషణ పొందితీరాలన్న మాట 1918 బుడాపెస్ట్ మహాసభలో నున్‌బర్గ్ నోట వచ్చింది. 1920లో బెర్లిన్‌లో మాక్స్ ఐటింగన్, కార్ల్ ఏబ్రహాం వంటివారు బీదవారికి కూడా అందుబాటులో ఉండేట్టు ఒక చికిత్సాలయం తెరిచి, దానికి అంటుకట్టినట్టు శిక్షణ మొదలెట్టారు. సొంత విశ్లేషణ ఒకటి, పాఠాలు ఒకటి, పెద్దల పర్యవేక్షణలో రోగులను చూడటం ఒకటి - ఈ మూడు కాళ్ళ పీట మీదనే ఈనాటికీ ప్రపంచంలో చాలా శిక్షణాలయాలు కూర్చుని ఉన్నాయి. 1925లో అంతర్జాతీయ శిక్షణ సంఘం వచ్చింది. అక్కడినుంచి లోపలికి రావడానికి ఒక గుమ్మం, గుమ్మం దగ్గర ఒక కాపలా ఏర్పడ్డాయి.

ఆ గుమ్మం పూర్తిగా బిగుసుకోకముందే లోపలికి అడుగుపెట్టినవారిలో మనవాళ్ళున్నారు. ఈ సంగతి మన పాఠ్యపుస్తకాల్లో ఒక్క వాక్యంతో సరిపెడతారు. కొంచెం ఆగి చెబుతాను. కలకత్తాలో గిరీంద్రశేఖర్ బోస్ వృత్తిరీత్యా డాక్టరు. దమనం అనే భావన మీద సిద్ధాంత వ్యాసం రాసి 1921లో కలకత్తా విశ్వవిద్యాలయం నుంచి డాక్టరేటు పుచ్చుకున్నాడు. ఆ పుస్తకం వియన్నాకు పంపాడు. అంత దూరాన తన పని ఇంత శ్రద్ధగా చదివినవాడు ఉన్నాడని ఫ్రాయిడ్ సంబరపడ్డాడు. 1922 జనవరిలో పార్శీబాగాన్ సందులో బోస్ ఇంట్లో పదిహేనుమంది సభ్యులతో ఇండియన్ సైకోఎనలిటికల్ సొసైటీ పుట్టింది. ఆ ఏడే అంతర్జాతీయ సంఘంలో చేరింది. బోస్‌ను ఎవరూ విశ్లేషించలేదు. ఆయన బెర్లిన్ వెళ్ళలేదు, వియన్నా వెళ్ళలేదు, ఫ్రాయిడ్‌ను ఒక్కసారైనా కళ్ళతో చూడలేదు. తన్ను తాను చదువుకున్నాడు, అంతే. మా విద్యార్థిని అడిగిన ప్రశ్న బోస్‌కూ వర్తిస్తుంది. ఇంకొక విశేషం, ఆ పదిహేనుమందిలో ఎక్కువమంది డాక్టర్లు కారు. కాలేజీల్లో సైకాలజీ, ఫిలాసఫీ చెప్పుకునే అధ్యాపకులు. ఇద్దరు ఆంగ్లేయులు కూడా ఉన్నారు - రాంచీ పిచ్చాసుపత్రి పెద్ద ఓవెన్ బర్క్‌లీ-హిల్, సైన్యంలో పనిచేసే డేలీ. తెల్లదొరలు సభ్యులు, బెంగాలీ బాబు అధ్యక్షుడు! 1922 నాటి ఇండియాలో ఇది మాటలు కాదు. 1953లో కన్నుమూసేదాకా ఆ అధ్యక్ష పదవి బోస్‌దే.

పాఠాలు చెప్పుకునే మాస్టర్లు కలకత్తాలో అంత సులువుగా లోపలికి రాగలిగారు గదా. సరిగ్గా అటువంటివారే న్యూయార్కులో అరవయ్యేళ్ళ పాటు గుమ్మం బయట నిలబడ్డారు.

డాక్టరు కానివాడు మనోవిశ్లేషణ చేయవచ్చా అన్నది అక్కడి పేచీ. ఫ్రాయిడ్ స్వయంగా డాక్టరే అయినా, చేయవచ్చుననే వాదించాడు. తియొడోర్ రైక్ అనే ఆయన శిష్యుడు డాక్టరు కాడు, సైకాలజీలో డాక్టరేటు ఉన్నవాడు. వైద్యం తెలియకుండా వైద్యం చేస్తున్నాడని వియన్నాలో రైక్ మీద కేసు పెడితే, 1926లో ఫ్రాయిడ్ ఆ విషయం మీద ఏకంగా ఒక పుస్తకమే రాశాడు. ఆయన కన్నకూతురు అన్నా ఫ్రాయిడ్ కూడా డాక్టరు కాదు, బడిపంతులమ్మ. అమెరికా సంఘం మాత్రం ఒప్పుకోలేదు. అక్కడ నాటువైద్యుల బెడద అంతా ఇంతా కాదు, ఎం.డి. పట్టా లేనివాణ్ణి లోపలికి రానిస్తే మన పరువు గంగలో కలుస్తుందని వాళ్ళ భయం. 1938లో ఆ నియమాన్ని గట్టిగా బిగించి, అమెరికాలో శిక్షణ విషయం మేమే చూసుకుంటాం, అంతర్జాతీయ సంఘానికి ఇక్కడ పని లేదన్నారు. యుద్ధం తరవాత అంతర్జాతీయ సంఘం దానికి తలవంచింది. అంటే ఆ దేశంలో ఒకే తలుపు, ఆ తలుపుకు ఒకే తాళం.

అదే 1938లో నాజీల నుంచి తప్పించుకొని రైక్ న్యూయార్కు చేరాడు. ఫ్రాయిడ్ ఎవరి తరఫున పుస్తకం రాశాడో ఆ మనిషికి అక్కడి సంఘం పూర్తి సభ్యత్వం ఇవ్వలేదు. ఆయన ఏం చేశాడు? తన చుట్టూ చేరినవారితో కలిసి 1948లో వేరే సంఘం, వేరే శిక్షణాలయం పెట్టుకున్నాడు. ఈలోగా కెరెన్ హార్నీ, సిద్ధాంతం దగ్గర పేచీ వచ్చి, 1941లో న్యూయార్కు సంఘం విడిచి సొంత ఇన్‌స్టిట్యూట్ పెట్టింది. క్లారా థాంప్సన్, సలివన్, ఎరిక్ ఫ్రామ్ మొదలైనవారు 1940లలోనే విలియం అలన్సన్ వైట్ ఇన్‌స్టిట్యూట్ ఏర్పాటు చేశారు. స్వతంత్ర శిక్షణాలయాలు అంటే ఇవీ, వీటినుంచి పిలకలు వేసినవీను. అప్పుడు వీటికి ఇంకో చిక్కు వచ్చిపడింది. మమ్మల్ని రానివ్వలేదని బయట ఇల్లు కట్టుకున్నారు సరే, ఈ కొత్త ఇంటికి రాబోయేవాడికి పనితనం ఉందో లేదో చూసేదెవరు? న్యూయార్కులో పది ఇన్‌స్టిట్యూట్లుంటే వాటిలో ఒకటి ఆరేళ్ళు నేర్పుతుంది, ఒకటి ఆరు వారాల్లో బోర్డు కట్టుకోమంటుంది. రోగికి ఆ రెంటికీ తేడా ఏం తెలుస్తుంది? కనుక తామూ సంఘాలు పెట్టుకున్నారు. 1972లో ఏర్పడిన జాతీయ మనోవిశ్లేషణాభివృద్ధి సంఘం అటువంటిది. వెలివేయబడ్డవాళ్ళు తమ వాకిట్లో తాము గుమ్మం కట్టుకోవలసి వచ్చింది! లోకం తీరే అంత.

తాళం బద్దలైన కథ క్లుప్తంగా చెబుతాను. 1985లో నలుగురు సైకాలజిస్టులు అమెరికా సంఘం మీదా, న్యూయార్కులోని రెండు ఇన్‌స్టిట్యూట్ల మీదా, అంతర్జాతీయ సంఘం మీదా ఫెడరల్ కోర్టుకెక్కారు. ఏ చట్టం కిందనో ఊహించగలరా? 1890 నాటి షెర్మన్ చట్టం. వ్యాపారంలో గుత్తాధిపత్యాన్ని అణచడానికి పెట్టింది, 1911లో రాక్‌ఫెల్లర్ నూనె కంపెనీని ముక్కలు చేసింది. శిక్షణను మీరు గుత్తకు పట్టుకున్నారు, మా బతుకుతెరువు కొడుతున్నారు అన్నది వాళ్ళ వాదన. అచేతన మనస్సును గురించి మాట్లాడుకునే పెద్దలు సాక్షి బోనుకు సిద్ధపడి నూనె వర్తకుల చట్టానికి జవాబు చెప్పుకోవలసి వచ్చింది. 1988లో రాజీ కుదిరింది. డాక్టర్లు కానివారిని అమెరికా సంఘపు ఇన్‌స్టిట్యూట్లలో చేర్చుకోవడానికి ఒప్పుకున్నారు. ఆ సంఘంతో నిమిత్తం లేకుండా స్వతంత్ర సంస్థలు నేరుగా అంతర్జాతీయ సంఘంలో చేరడానికి దారి తెరిచారు. న్యూయార్కు నుంచి రెండు, లాస్ ఏంజెల్స్ నుంచి రెండు సంస్థలు ఆ దారిన లోపలికి వెళ్ళి, తమలో తాము ఒక సమాఖ్యగా ఏర్పడ్డాయి.

ఇక చేరడమంటే ఏమి జరుగుతుంది? అఫిలియేషన్ కమిటీ వస్తోందంటే మన కాలేజీల్లో జరిగే హడావుడి మీకు చెప్పనక్కర్లేదు. లైబ్రరీ పుస్తకాలకు దుమ్ము దులుపుతారు, లాబొరేటరీలో పక్క కాలేజీ మైక్రోస్కోపులు ప్రత్యక్షమవుతాయి. అక్కడా పైపైన చూస్తే అదే తంతు. నియమావళి ఏమిటి, బోధించేవారెవరు, వారికి నేర్పినవారెవరు, పాఠ్యక్రమం ఎన్నేళ్ళు, లెక్కలు సరిగా ఉన్నాయా అని అడుగుతారు. అంతర్జాతీయ సంఘంలో మూడు మెట్లు ఎక్కాలి. మొదట అధ్యయన బృందం, ఆపైన తాత్కాలిక సంఘం, చివరకు పూర్తి సభ్య సంఘం. ఇది ఒక్క ఏడులో తేలేది కాదు. ప్రాయోజక సంఘమంటూ వేరే దేశాలనుంచి ఇద్దరు ముగ్గురు పెద్దలను పంపుతారు, వాళ్ళు మళ్ళీ మళ్ళీ వచ్చిపోతూ ఉంటారు. కాగితాలు చూసి ఊరుకోరు. అధ్యాపకులతో విడిగా, విద్యార్థులతో విడిగా మాట్లాడతారు. పర్యవేక్షణలో ఉన్న కేసులు చెప్పమని వింటారు. పక్క కాలేజీ మైక్రోస్కోపు తెచ్చిపెట్టవచ్చు గాని, పక్క ఇన్‌స్టిట్యూట్‌లో నేర్చిన వినికిడి తెచ్చిపెట్టడం సాధ్యం కాదు గదా.

వాళ్ళు అడిగే ప్రశ్నలన్నిటిలో నాకు అతి ముఖ్యమని తోచింది ఒకటుంది. విద్యార్థి సొంత విశ్లేషణలో చెప్పుకున్న మాటలు ఎక్కడికి పోతాయి? ఆలోచించండి. శిక్షణలో ఉన్నవాడు వారానికి మూడు నాలుగు రోజులు పడకమీద పడుకొని, తన పిరికితనం, అసూయ, తండ్రి మీది పగ, పక్కవాడి భార్య మీది కోరిక, సమస్తం విప్పి చెప్పాలి. దాచితే విశ్లేషణ కాదు. వింటున్న పెద్దమనిషి ఆ ఇన్‌స్టిట్యూట్‌లోనే ప్రముఖుడు. వెనకటి రోజుల్లో చాలా చోట్ల ఆయన వెళ్ళి కమిటీకి నివేదిక ఇచ్చేవాడు: ఈ అబ్బాయి పాసు కావచ్చు, ఈ అబ్బాయి ఇంకా పండలేదు అని. అంటే గుడిలో మొక్కుకున్నది పరీక్ష హాల్లో మార్కులుగా తేలుతుంది. అలాంటి చోట తెలివైన విద్యార్థి ఏం చేస్తాడు? పాసయ్యేటంత వరకే రోగాలు చూపిస్తాడు. మిగతావి కడుపులోనే పెట్టుకొని పట్టా పుచ్చుకొని, రేపు వాటిని తన రోగుల మీదకు వదులుతాడు. ఈ నివేదికల పద్ధతిని ఇప్పుడు చాలా సంస్థలు మానుకున్నాయి. విశ్లేషకుడి నోరు మూసి ఉంచడం శిక్షణకు ప్రాణం అన్న జ్ఞానం నెమ్మదిగా వచ్చింది. ఒక శిక్షణాలయం దీన్ని పాటిస్తుందా లేదా అని బయటివాళ్ళు వచ్చి అడగడం ఒక్కటి చాలు, సంఘంలో చేరడం దండగ కాదనడానికి.

అయితే సంఘం కొలిచే కొలతలన్నీ ఇంత విలువైనవి కావు. వారానికి ఎన్ని సిట్టింగులు అన్నది ఒక కొలత. వైట్ ఇన్‌స్టిట్యూట్‌వారు 1950లలో అమెరికా సంఘంలో చేరడానికి ప్రయత్నిస్తే, వాళ్ళు మూడు సిట్టింగులు చాలన్నారనీ, వీరు నాలుగు ఉండి తీరాలన్నారనీ, సైకాలజిస్టులకు నేర్పుతున్నారనీ తగాదా తెగలేదు. ఎడబాటు తరాలు తరాలు నడిచింది. 2010 తరవాతగాని వాళ్ళు ఆ సంఘంలో కలవలేదు. మరి 2017లో ఏమైంది? అంతర్జాతీయ సంఘమే తన నియమం సడలించి, నాలుగైదు అన్నదాన్ని మూడు మొదలు అయిదు అని మార్చుకుంది. ఆ నాలుగో సిట్టింగు కోసం వెలిలో ఉండి వయసు మళ్ళినవాళ్ళకు ఎవరు ఏం సమాధానం చెబుతారు?

చేరికకు చెల్లించిన మూల్యం మరీ కొట్టవచ్చినట్టు కనబడాలంటే పారిస్ వెళ్ళాలి. 1953లో అక్కడి సంఘంలో చీలిక వచ్చి లగాష్, దోల్తో, లకాన్ ప్రభృతులు రాజీనామా చేసి వేరే సంఘం పెట్టారు. పెట్టాక తెలిసింది, పాత సంఘం వదలడంతోనే అంతర్జాతీయ సభ్యత్వం కూడా ఊడిపోయిందని. రాజీనామా రాసే తొందరలో నియమావళి చదవలేదు పాపం! అప్పటినుంచి మళ్ళీ చేర్చుకోమని పదేళ్ళు తిరిగారు. కమిటీలు వచ్చాయి. లకాన్ శిష్యులను పిలిచి మీ గురువు సిట్టింగు ఎంతసేపు చేస్తాడు అని ఆరా తీశారు. తక్కినవారు ముప్పావుగంటకు తగ్గకుండా కూర్చుంటే లకాన్ తనకు తోచినప్పుడు, ఒక్కొక్కసారి కొద్ది నిమిషాలకే, లేచిపొమ్మనేవాడు. 1961లో అధ్యయన బృందంగా గుర్తింపు దొరికింది. 1963లో అసలు షరతు వచ్చింది: లకాన్ పేరు శిక్షకుల జాబితాలోంచి కొట్టెయ్యండి. ఆ నవంబరులో సొంత మనుషులే కొట్టేశారు. సంఘం రెండుగా చీలింది. ఒక ముక్క 1965లో పూర్తి సభ్యత్వం పొందింది. లకాన్ 1964లోనే తన బడి తాను పెట్టుకున్నాడు. దాన్ని ఆయన మతంలోంచి వెలివేయడంతో పోల్చుకున్నాడు.

లకాన్ అభిమానులు నా మాట మెచ్చరు గాని, అడిగిన ప్రశ్న తప్పు కాదనే నా అభిప్రాయం. రోగికి దక్కవలసిన సమయం దక్కుతోందా అని అడగడం సంఘం చేయవలసిన పనే. గురువును తెగనమ్మి గుర్తింపు కొనుక్కోమన్న తీరు మాత్రం చేదుగా ఉంది. 1938 నాటి అమెరికా నియమం సంగతి వేరు. అది నువ్వు ఏం చేస్తున్నావని అడగలేదు, నువ్వెవరివని అడిగింది. ఆ రెండు ప్రశ్నలూ ఒకే దరఖాస్తు ఫారంలో పక్కపక్కనే ఉంటాయి, తేడా చూసి పట్టుకోవాలి.

ఇప్పుడు కొన్ని చోట్ల ప్రభుత్వం కూడా గుమ్మంలోకి వచ్చింది. న్యూయార్కు రాష్ట్రం 2002లో చట్టం చేసి, మనోవిశ్లేషకులకు విడిగా లైసెన్సు పెట్టింది. మన దేశంలో అట్లాంటిది లేదు. క్లినికల్ సైకాలజిస్టుగా పనిచేయాలంటే 1992 నాటి రీహాబిలిటేషన్ కౌన్సిల్ చట్టం కింద నమోదు కావాలి. మనోవిశ్లేషణ శిక్షణకు మాత్రం కలకత్తా సొసైటీ వంటి సంస్థల గుర్తింపే ఆధారం. మనలో చాలామందికి ఫ్రాయిడ్ పరిచయమైంది బుచ్చిబాబు "చివరకు మిగిలేది"లోని దయానిధి ద్వారా, లేదా ఆ నవల మీద విమర్శకులు రాసిన వ్యాసాల ద్వారా. నవల చదవడానికి ఎవరి అనుమతీ అక్కర్లేదు. కాని ఈమధ్య మూడు నెలల సర్టిఫికెట్లు, వారాంతపు డిప్లొమాలు చూపించి "థెరపిస్టు" అని బోర్డు కట్టేస్తున్నారు. మా పాత విద్యార్థి ఒకడు అటువంటి చోట డబ్బు కట్టి, గోడనిండా ముద్రలున్న పట్టా తెచ్చుకున్నాడు. ఎవరికి అనుబంధమని అడిగితే పెద్ద పేరే చెప్పాడు. ఆ పెద్ద పేరు ఆ సంస్థ తానే పెట్టుకున్న మరో పేరని తరవాత తేలింది. వాడి డబ్బు పోతే పోయింది, ఈలోగా వాడి ముందు కూర్చుని ఏడ్చిన మనుషుల మాటేమిటి?

మీలో ఎవరైనా ఎక్కడైనా చేరబోతుంటే, ఆఫీసు గదిలో గోడమీది ముద్రలు చూసి రావద్దని మనవి. మీకంటే ముందు చేరినవాణ్ణి ఒకణ్ణి పట్టుకొని బయట టీ కొట్టు దగ్గర అడగండి: నీ కేసులు ఎవరు వింటున్నారు? నువ్వు తప్పు చేస్తే నీ రోగి ఎవరికి ఫిర్యాదు చేసుకోవచ్చు? నీ విశ్లేషణలో చెప్పిన మాట ఎప్పుడైనా స్టాఫ్ రూములో వినబడిందా? సంఘం పంపే కమిటీ ఈ మూడూ అడుగుతుందో లేదో కూడా అడగండి.

బెంచీలోంచి ప్రశ్న వేసిన అమ్మాయి సెమినార్ పేపరు బోస్ మీద రాసింది. 1931లో ఫ్రాయిడ్ డెబ్బై అయిదో పుట్టినరోజుకు కలకత్తా సొసైటీ పంపిన దంతపు విష్ణుమూర్తి బొమ్మ సంగతి అందులో చేర్చింది. ఆ బొమ్మను ఫ్రాయిడ్ తన రాతబల్ల మీద పెట్టుకున్నాడు. లండన్‌లో ఆయన చివరి రోజులు గడిపిన ఇల్లు ఇప్పుడు మ్యూజియం, బొమ్మ ఆ ఇంట్లో ఉంది. "విశ్లేషణ చేయించుకోని గురువుకి, విశ్లేషణ చేయించుకోని శిష్యుడు పంపిన కానుక" అని ఫొటో కింద రాసింది. మార్కులు వేసేటప్పుడు ఆ వాక్యం దగ్గర కాసేపు ఆగాను.